మొదటిసారి కాల్చని విమానం

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను. ఇప్పటికీ అంతే. పోలీసు చర్య మూడో రోజున, బోయిగూడలో మా ఇంటి వాకిట్లో జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

మా అన్న సాయిలు యూనియన్ సైన్యంలో సిపాయి. షోలాపూర్ వైపు నుంచి వస్తున్న దళంలో ఉన్నాడు. అంతకుముందు సెలవులో వచ్చినప్పుడు తన పని నాకొక్కడికే చెప్పాడు. దళం ముందువరస ఎక్కడుంటే అక్కడ నేలమీద పసుపుపచ్చ గుడ్డ పరవాలి. ఆ గుడ్డకు అవతల కనిపించినవాళ్లను విమానం శత్రువులనుకుని కాలుస్తుంది. దళం కదిలితే గుడ్డా కదలాలి. అమ్మ భయపడుతుంది, చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అన్నాలకు ముందు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, దండెం మీది పసుపుచీర తీసి వాకిట్లో పరిచింది.

"రాళ్లు తే బిడ్డా, గాలికి లేస్తది."

"ఏందమ్మా గిది?"

"పైనోళ్లకు కనవడాలె."

గోడ అవతల పక్కింటావిడ నవ్వింది. "ఏం వదినా, విమానానికి పక్కేస్తున్నవా?"

నాకు నవ్వు రాలేదు. విమానానికి అద్దంతో సైగ చేశాడని ముందురోజే మా వీధిలో ఒకతన్ని తల పగిలేదాకా రాళ్లతో కొట్టి చంపారు. గోడ మీద నెత్తురు ఇంకా కడగలేదు. చీర లాగేశాను. అమ్మ నా చేతులు రక్కింది. "అది ఇంక పోలేదురా, జెర ఆగు" అని అరిచింది. ఆకాశంలో ఏమీ లేదు. నేను వదల్లేదు.

అన్న చనిపోయాడని టెలిగ్రాం వచ్చింది. ఎలాగో అందులో లేదు. కొన్నాళ్లకు అతనితో పనిచేసిన యాదగిరి మారేడ్‌పల్లిలో తన ఇంటికి వచ్చి నాకు కబురు పెడితే వెళ్లాను.

ఎదురు లేక దళం వేగంగా ముందుకు వచ్చేసిందట. గుడ్డ వెనక మజిలీలోనే పరిచి ఉండిపోయింది. తీయడం మరిచారు. పైన ఎగురుతున్నది మనవాళ్ల విమానమే.

"మొదటిసారి మా నెత్తిమీదికొచ్చి కాల్చకుంట పోయింది తమ్మీ. గుడ్డ కనవడ్డట్టే రెక్కలూపింది. మా కాడ గుడ్డే లేకపాయె! సాయిలు దానికోసం ఎనక్కి ఉరికిండు. జెరసేపటికి అదే మల్లొచ్చింది."

అన్న నడుము దగ్గర రెండు ముక్కలయ్యాడు. లారీలో ఇద్దరు సజీవంగా కాలిపోయారు. ఎప్పుడని అడిగాను. మూడో రోజు, అన్నాల వేళకు కాస్త ముందు.

యాదగిరి చెప్పింది అమ్మకు చెప్పలేదు. ఆ చీర ఎందుకు తీశావని ఆమె కూడా, తను చనిపోయేదాకా, నన్ను అడగలేదు.

గుడ్డ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. విమానం మొదటిసారి ఎందుకు కాల్చలేదో కూడా తెలియదు. నా చేతిలోది చీర మాత్రమేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.