పప్పుకి భయం లేదు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పప్పు వేశాను. అది ఉడికేలోపు ఇదీ అయిపోతుంది.

మాది నౌపడకి అవతల, ఉప్పుమళ్ళకి దగ్గర్లో ఉన్న ఊరు. అంతా ఇసక నేల. ఎక్కడ తవ్వినా పైపైనే నీళ్ళు పడతాయి గాని, ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. మా వీధి మొత్తానికి తీపి నీళ్ళున్నది మా పెరటి నూతిలోనే. మట్టి ఒరలు దింపి దాన్ని తవ్వించినవాడు మా పెదనాన్న. ఆయన ముఖం నాకు సరిగా గుర్తు లేదు, నేను నడక నేర్చే రోజుల్లోనే పోయాడు. కాని ఆయన అన్న మాట మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. ఈ ఇసకలో తీపి నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద మీగడలా తేలుతూ ఉంటాయట. మీగడని పైపైన తీసుకున్నంతకాలం ఏ చింతా లేదు. గరిటె అడుక్కి దించి కలిపేస్తే మాత్రం మళ్ళీ విడదీయలేం. అందుకే ఆ నూతిని చేదతో తోడుకుని తాగడమే గాని, దాని మీద పెద్ద ఆశలు ఎవరూ పెట్టుకోలేదు.

ఆశ పెట్టుకోవలసిన ఏడు ఒకటి వచ్చింది. మృగశిరలో పడ్డ ఒక్క జల్లుని నమ్ముకుని మా అయ్య పెరటి వెనక మడుల్లో వరినారు పోశాడు. ఆరుద్ర కార్తె వచ్చింది గాని వాన రాలేదు. నారు కొసలు ఎర్రబారాయి. అమ్మా అయ్యా కావిళ్ళతో మోసి పోస్తే ఆ ఇసక గుటుక్కున తాగేసి మళ్ళీ నోరు తెరిచేది. నారు పోతే ఆ ఏటికి ఊడుపు లేదు, ఊడుపు లేకపోతే తిండిగింజ లేదు. ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

అప్పుడు మా మేనమామ తన ఇంట్లో మూలపడి ఉన్న పాత ఆయిలింజనూ పంపూ బండి మీద వేయించి పంపాడు. దానితోపాటు నరసన్నపేట నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. ఇంజను దిగుతుండగానే ఎదురింటి తాత అరుగు మీద నుంచి మొదలుపెట్టాడు.

“ఓరబ్బీ, నూతికి ఇంజనెడతన్నావా? ఎట్టు, ఎట్టు. సముద్రానికి కబురెట్టినట్టే. రేపొచ్చి మీ నూతిలో కూకుంటాది.”

ఆయన నవ్వుతాలకే అన్నాడు. వీధిలో ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. నుయ్యి ఉప్పైపోతుందేమోనని బిందెలు, కడవలు, చివరికి ధాన్యం పోసే బానలు కూడా తెచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్ళ ముఖాలు చూస్తూ మా అయ్య తల వంచుకుని ఇంజనుకి దుంగలు సర్దుతున్నాడు. ఆ నుయ్యి చెడితే చెడేది మా ఒక్క ఇల్లు కాదని ఆయనకి తెలుసు.

నీళ్ళు పీల్చే గొట్టం ఎంత లోతుకి దింపాలన్న దగ్గర పని ఆగింది. లోతుకి దింపితే అడుగునున్న ఉప్పుని లాగుతుందని అయ్య భయం. పైన ఉంచితే నీళ్ళు కాస్త దిగగానే గాలి పీల్చి పంపు ఒట్టిపోతుందని మేస్త్రి గొడవ. అయ్య నూతిలోకి తొంగి చూసి జానెడు దించమనేవాడు, మరుక్షణం జానెడు ఎత్తమనేవాడు.

“ఉయ్యాలూపుతన్నావేటి బాబూ దీన్ని? ఏదోటి సెప్పు, నాను సాయంత్రం బస్సుకెళ్ళిపోవాల” అన్నాడు మేస్త్రి.

చివరికి నీళ్ళలో సగానికి పైన గొట్టం ఆగింది. అలా దింపిన గొట్టానికి మేస్త్రి తాడు కట్టి ఒరకి బిగించాడు. పంపు నుంచి మడుల వైపు ఒక గొట్టం, వంటింటి వెనక సిమెంటు తొట్టిలోకి ఒక చిన్న పాయ, దాని కొసన కుళాయి. ఇంజను తిరిగింది గాని నీళ్ళు రాలేదు. ఎక్కడో అతుకుల్లో గాలి లాగుతోందన్నాడు మేస్త్రి. పేడ చిక్కగా కలిపి పంపు నోట్లో పోయమన్నాడు, ఆ పేడ సందుల్లో పట్టుకుని గాలిని ఆపుతుందట. అలాగే పోశాం. ఇంజను దగ్గింది, గొట్టం ఒకసారి వణికింది, ఆకుపచ్చ నీళ్ళు భళ్ళున దూకాయి.

“ఓలబ్బో! నుయ్యి పేడ కక్కుతన్నాది!” అని తాత అరుగు మీద నుంచి కేక.

ఈసారి అందరూ నవ్వారు. నీళ్ళు తేటపడ్డాక మా అయ్య దోసిలి పట్టి తాగాడు. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

“ఒసే గుంటా, ఇలా రా. తాగి సూడు. ఉప్పగా నేదేటి?”

నాకు నీళ్ళ రుచి తెలిసేలోపే ఆయన ముఖం కనిపించింది. నా నాలుక మీదకి ఉప్పు అక్కడి నుంచే వచ్చింది. ఉప్పగానే ఉందన్నాను. ఇంజను ఆపేశాడు. కాసేపటికి మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తాగాడు, మళ్ళీ ఆపాడు. ఒక మడి సగం తడిసి సగం ఎండి ఉండిపోయింది. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచిపోయాడు. తెల్లారి మేనమామకి కబురు చేసి ఇంజను పట్టుకుపొమ్మంటానన్నాడు. నుయ్యి దక్కితే చాలు, నారు పోతే పోనీ అన్నాడు.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. పెదనాన్న పోయాక కూడా ఆవిడ మా ఇంట్లోనే ఉంది. వంటిల్లు మొత్తం ఆవిడ చేతిలో ఉండేది. మా అయ్యని మరిదీ అని పిలిచి ఆట పట్టించే హక్కు కూడా ఆవిడదే. మర్నాడు పొద్దున్న ఆవిడ రెండు చెంబులతో నీళ్ళు తెచ్చి, నారు మడి గట్టు మీద కూర్చున్న అయ్య ముందు పెట్టింది. ఒకటి పంపు రాకముందు తోడి మూల కుండలో దాచిన నీళ్ళట, రెండోది నిన్న పంపు తిరిగినప్పుడు కుళాయిలో పట్టినవట. ఏది ఏదో చెప్పలేదు.

అయ్య మొదటి చెంబులోది గుక్కెడు తాగి ఉమ్మేశాడు.

“ఇది పంపుది. ఉప్పు కషాయం.”

“రెండోది?”

అది తాగాడు. “ఇది నయం. ఇది కుండలోది ఒదినా.”

పెద్దమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “తిరగేసి సెప్పీసినావు మరిదీ! నువ్వు ఉమ్మీసింది కుండలో నీళ్ళు. నయమన్నది నిన్న పంపు కక్కింది.”

అయ్య రెండు చెంబులూ మార్చి మార్చి చూశాడు. ఆవిడ నవ్వు ఆపి మెల్లగా అంది.

“నీ నాలిక్కి భయమెక్కీసినాది. భయమెక్కిన నాలిక్కి పంచదార పోసినా ఉప్పే. దాన్నడక్కు. పప్పుకి భయం నేదు, దాన్నడుగుదాం.”

ఉప్పు తగిలిన నీళ్ళలో కందిపప్పు ఉడకదు, మీ అందరికీ తెలిసిందే. ఎంత మంట పెట్టినా బద్దలు బద్దలుగా తిరుగుతూ ఉంటుంది. పెద్దమ్మ పంపు నీళ్ళు ఎసరు పెట్టి పప్పు పోసింది. మా అయ్య వంటింటి గడప మీద గొంతుక్కూర్చుని ఆ కుండవైపే చూస్తున్నాడు. అంతటి మనిషి అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. పొంగు వచ్చింది, నురగ తీసింది, మూత వేసింది. ఆవిడ తొందరపడి మూత తీయలేదు. “ఇంకేటి ఒదినా, సూడు” అని అయ్య అంటే, “పొయ్యి దగ్గర మగోడు కూకుంటే పప్పు సిగ్గుపడతాది, అలా ఒగ్గేయి” అంది.

చివరికి ఒక బద్ద తీసి అయ్య అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కింది. వెన్నలా పరుచుకుంది. అయ్య ఆ చేతిని చాలాసేపు అలాగే చూసుకుని, నాకి, లేచి వెళ్ళి ఇంజను తిప్పాడు.

ఆ తర్వాత రోజులు బాగా నడిచాయి. పొద్దున్న ఇంజను తిరిగేది. పెద్దమ్మ కుళాయి నీళ్ళతో పప్పు వేసేది, అది మెత్తబడితే మర్నాడు ఇంజను తిప్పడానికి సెలవు ఇచ్చినట్టే. నారు కొసల ఎరుపు పోయి ఆకుపచ్చ ఎక్కింది. ఆడవాళ్ళు బిందెలు కుళాయి కింద పెట్టి కబుర్లాడుకునేవారు. ఎదురింటి తాత పెద్ద గొట్టం కింద తల పెట్టి స్నానం చేస్తూ, “సముద్రం సల్లగానే ఉన్నాది రోయ్” అనేవాడు. అయ్య ముఖంలోకి కళ వచ్చింది. ఆయన ఇంజనుని ఆపే వేళ రోజూ కొంచెం కొంచెం ఆలస్యమవుతూ వచ్చింది. చివర పల్లపు మడి ఒకటి ఇంకా సరిగా తేరుకోలేదు, దానికి నాలుగు తడులు ఇస్తే చాలనేవాడు.

అలా ఉండగా ఒకనాడు పప్పు ఉడకలేదు.

పొద్దెక్కింది, పిడకలు మారాయి, పప్పు మాత్రం గులకరాళ్ళలా కుండలో తిరుగుతోంది. పెద్దమ్మ అయ్యని పిలిచింది. ఆయన కుళాయి నీళ్ళు తాగి చూసి, “తీపే ఒదినా, పాలల్లే ఉన్నాది” అన్నాడు. తాతా తాగి తీపే అన్నాడు, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళూ అదే అన్నారు. నేనూ తాగాను, నాకూ తీపిగానే ఉన్నాయి. పప్పు పాతదేమో అన్నాడు అయ్య. పిడకలు పచ్చివేమో అన్నాడు. ఆయన గొంతులో మొదటినాటి భయం లేదు, ఇంకొక్క మడి ఉందన్న తొందర ఉంది.

మూల కుండలో పంపు రాకముందు దాచిన నీళ్ళు ఇంకా అడుగున ఉన్నాయి. పెద్దమ్మ ఆ నీళ్ళు పోసి, అదే మూటలోంచి పప్పు తీసి, అవే పిడకల మీద ఇంకో గిన్నె పెట్టింది. అది ఉడికింది. రెండు గిన్నెలూ తెచ్చి అయ్య ముందు పెట్టింది.

“అప్పుడు నీ నాలికని భయం పట్టుకున్నాది. ఇప్పుడు ఆశ పట్టుకున్నాది. మా నాలికల్నీ అదే పట్టుకున్నాది మరిదీ. ఉప్పు రోజుకింత ఎక్కితే ఎవరికి తెలస్తాది?”

పెరట్లో ఇంజను ఇంకా కొట్టుకుంటోంది. చివరి మడిలోకి అప్పుడే నీళ్ళు పాకుతున్నాయి. మా అయ్య లేచి వెళ్ళి దాన్ని ఆపాడు. పంపుని తిప్పే బెల్టు తీసి భుజాన వేసుకుని తెచ్చి వంటింట్లో చిలక్కొయ్యకి తగిలించాడు. మళ్ళీ తన చేతికి అందకూడదన్నట్టు.

ఆ తర్వాతి రోజులు నాకు అన్నిటికంటే బాగా గుర్తు. ఇంజను చప్పుడు లేదు. నూతిలో చేద కూడా పొదుపుగానే పడేది. రోజూ పెద్దమ్మ ఆ నూతి నీళ్ళతో గుప్పెడు పప్పు వేసేది, రోజూ అది గట్టిగానే ఉండేది, రోజూ మేం ఆ గట్టి పప్పే అన్నంలో కలుపుకుని నమిలేవాళ్ళం. ఉడకలేదని ఎవరూ అనలేదు. పళ్ళ కింద బద్దలు పటపటమంటుంటే అయ్య తల ఎత్తేవాడు కాదు. పెదనాన్న తవ్వించిన నుయ్యి తన చేతిలో పోయిందని ఆయన లోలోపల కుంగిపోవడం ఆ చప్పుడులో నాకు వినిపించేది. పెద్దమ్మ ఒక్కసారి మాత్రం అంది, “మీగడ కట్టాలంటే పాలు కదపకుండా ఒగ్గీయాల” అని.

చివరి మడి మా కళ్ళముందే ఎండిపోయింది. మిగతా నారు నిలబడింది.

ఒక పొద్దున్న నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. వంటింట్లోంచి పప్పుగుత్తి చప్పుడు వచ్చింది. రాయి మీద రాయి కొట్టినట్టు కాదు, మెత్తగా, బురదలో అడుగు వేసినట్టు. అయ్య పశువుల దగ్గర నుంచి పరుగున వచ్చాడు. పెద్దమ్మ గుత్తి పైకెత్తి చూపించింది. దానికి పప్పు ముద్దగా అంటుకుని ఉంది. మా అయ్య చిలక్కొయ్య మీది బెల్టు వంక చూసి, దాన్ని ముట్టుకోకుండా వెళ్ళి కడవ తెచ్చి, నూతిలోంచి తోడి, ముందుగా ఎదురింటి తాత గుమ్మంలో పెట్టి వచ్చాడు.

తర్వాత వానలు వచ్చాయి, ఊడుపులు అయ్యాయి. నారు చాలని పొలం చెక్కలో ఆ ఏడు ఉలవలు చల్లాం. పంపు మా ఇంట్లోనే చాలా ఏళ్ళు ఉంది. పొద్దున్న కాసేపు తిరిగేది, మిగతా రోజంతా నూతికి విశ్రాంతి. అది ఎప్పుడు ఆగాలో చెప్పేది మాత్రం మా వంటిల్లే.

నేను పెద్దగా చదువుకోలేదు. నాకున్న చదువు ఆ పప్పుకుండే. పిల్లలకి జ్వరమొచ్చి గుండె దడదడలాడినప్పుడు, పొలం కలిసొచ్చి ఒళ్ళు తేలిపోయినప్పుడు, ఎవరి మీదైనా అనుమానం కలిగినప్పుడు, నా నాలుక చెప్పింది వెంటనే నమ్మను. దాన్ని ఇప్పుడు ఏం పట్టుకుందా అని చూసుకుంటాను. పొయ్యి వెలిగించి పప్పు వేస్తాను. అది ఉడికేదాకా నోరు విప్పను. అంతసేపు ఆగితే చాలాసార్లు సంగతి దానంతట అదే తేటపడుతుంది. తేటపడని నాడు, గట్టి పప్పు తింటూ ఇంకొన్నాళ్ళు ఆగడం కూడా నాకు వచ్చు.

ఇదిగో, మూత ఎగురుతోంది. బద్ద నొక్కి చూశాను, మెత్తగా ఉంది. లేవండి, కంచాలు పెడతాను. మీ ఇంటి నూతిలో మీగడ ఎప్పుడూ చెదరకూడదు. మీ పొయ్యి మీద పప్పు ప్రతిపూటా ఉడకాలి. మీ ఇంట్లో ఎవరి నాలుకకైనా భయం ఎక్కిన రోజు, నవ్వుతూ రెండు చెంబులు తెచ్చిపెట్టే మనిషి ఒకరు మీకుండాలి.