లేవడానికి పట్టే సమయం

ఫెర్రీ కోసం ఎదురుచూస్తున్నాం. పచ్చికలో, నీళ్లకు ఎదురుగా రెండు తెల్లటి అడిరాండాక్ కుర్చీలు ఉన్నాయి. వెడల్పాటి చేతులు, బాగా వెనక్కి వాలిన చెక్క వీపు. తరాలు మారినా అమెరికావాళ్లు వాటి ఆకారం మార్చలేదు. కూర్చున్నాక ఎందుకో నాకూ అర్థమైంది. ఒళ్లంతా దానికి అప్పగించేయవచ్చు. మా రెండేళ్ల బాబు నా కాళ్ల దగ్గర గడ్డి పీకుతున్నాడు.

వాడితో నా మాటలు విని ఒక తెలుగావిడ వచ్చి వెనక నిలబడింది. యాభై దాటి ఉంటాయి.

"కూర్చోండి ఆంటీ, ఖాళీయే కదా."

"వద్దులేమ్మా. ఇందులో కూర్చుంటే లేవడం కష్టం."

"లేవడం ఎందుకాంటీ, ఇంత హాయిగా ఉంటేను! మా ఆయన కూడా ఇవే ఆర్డర్ చేశారు. బ్యాక్‌యార్డ్ వెనక చెరువుంది, దాని పక్కన వేస్తారట."

ఆవిడ నవ్వలేదు. "ఏదీ, ఒకసారి గబుక్కున లే, చూద్దాం."

సరదాకి అనుకున్నాను. నడుము లోపలికి దిగిపోయి, మోకాళ్లు పైకి లేచి ఉన్నాయి. రెండు చేతులూ ఊని, ముందుకు జరిగి లేచేసరికి బాబు నీళ్లవైపు పరుగు తీశాడు. నేను కేక వేసేలోగా ఆవిడ వాడి చొక్కా కాలర్ పట్టుకుంది.

వాణ్ణి నా చేతికిస్తూ, "మావాడు నీళ్లవైపు వెళ్లినరోజు నాకూ ఇంతసేపే పట్టిందమ్మా" అంది.

మా కుర్చీలు వచ్చాయి. ఇంటికొచ్చినవాళ్లందరూ వాటిలో ఫోటోలు దిగుతారు. ఇప్పుడు బాబు నిద్రపోయాడు. వెనక తలుపు గడియ ఇంకోసారి చూసొచ్చి ఇది రాస్తున్నాను. రోజూ పొద్దున్నే మా ఆయన "వచ్చి కూర్చో, కాళ్లు నొప్పెట్టవా?" అంటారు. నేను కుర్చీ వెనక నిలబడే కాఫీ తాగుతాను.