ఫాదర్ జోజప్ప సిస్టర్ల సభ

1952 వేసవిలో నన్ను హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేంపల్లెకు వేశారు. వరుసగా వానలు లేక ఏటి చెలమలు కూడా ఎండిపోయాయి. మిగిలిన ఒకటి రెండు దిగుడు బావుల మీదే జనమంతా పడ్డారు. నేను చేరిన కొద్ది రోజులకే కలరా సోకింది.

కలరా వస్తే మా శాఖ పద్ధతి ఇది: బావుల్లో బ్లీచింగ్ పొడి కలపాలి, చుట్టుపక్కల ఊళ్లకు టీకాలు వేయాలి, రోగులను ఊరి బయట వేసిన షెడ్డుకు తరలించాలి. మొదటి రెండు పనులూ నా సిబ్బందితో జరిగేవి. షెడ్డులో ఉండి రోగులకు చేయడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

ఒప్పుకున్నది ఫాదర్ జోజప్ప ఒక్కరే. కర్నూలు వైపు మనిషి, యాభై దాటిన కతోలిక గురువు. దిక్కులేని శవాలను పూడ్చడానికి కొందరు బ్రదర్లను కూడగట్టి ఒక సభ, అంటే మఠం లాంటి సేవాసంఘం, స్థాపించారు. ఆ తర్వాత రోగుల కోసం సిస్టర్ల సభ పెట్టారు. అందులో ఉన్న కొద్దిమందీ చుట్టుపక్కల రైతుల ఇళ్ల ఆడపిల్లలే. కాచిన నీళ్లు గుక్కగుక్కగా తాగించడం, మైలగుడ్డలు తీసి కాల్చేయడం వాళ్ల పని.

కొన్నాళ్లకు సిస్టర్ లూర్దమ్మకు వాంతులు పట్టుకున్నాయి. మరునాడే చనిపోయింది. కబురందుకుని ఆమె తండ్రి ఇన్నారెడ్డి బండి కట్టుకొని వచ్చాడు.

"బిడ్డను మా ఊరికి తీసకపోతా సారూ. వాళ్లమ్మ పక్కన పెట్టుకుంటా," అన్నాడు.

కలరా శవాన్ని మరో ఊరికి పోనివ్వకూడదు. సున్నం పోసి అక్కడే లోతుగా పూడ్చాలి. ఆ మాటే చెప్పాను. ఆయన ఫాదర్ వైపు తిరిగాడు.

"మీ మాట మీద పంపిస్తిని స్వామీ. ఇప్పుడు శవం గూడా నాకు దక్కదా?"

ఫాదర్ నన్ను మినహాయింపు అడుగుతారనుకున్నాను. అడగలేదు. "బిడ్డను పంపమని అడిగినోణ్ణి నేను, ఇన్నారెడ్డీ. ఈ సారు మీద కోపం పెట్టుకోవద్దు," అన్నారు. షెడ్డు వాకిట్లో నిలబడి బిడ్డ ముఖం చూసుకోవడానికి మాత్రం నేను ఒప్పుకున్నాను. గుంత బ్రదర్లు తవ్వారు.

ఇన్నారెడ్డి చిన్నకూతురు శౌరమ్మ కూడా ఆ సభలోనే ఉంది. తండ్రి బండెక్కమంటే కదల్లేదు.

"లోపల అంతమంది పడుండారు నాయనా. నేనొస్తే వాళ్లకు నీళ్లెవురు పోస్తారు?"

ఫాదరే ఆమె చేతిలోని చెంబు తీసుకున్నారు.

"నేను పోస్తాలేమ్మా. మీ నాయనకు ఇంక నువ్వొక్కదానివే ఉండావు. పో."

ఆ పిల్ల ఏడుస్తూనే బండెక్కింది. సంగతి తెలిసి తక్కిన ఇళ్లవాళ్లూ వచ్చి తమ బిడ్డలను తీసుకుపోయారు. ఫాదర్ ఎవరినీ ఆపలేదు. ఆయనా బ్రదర్లూ షెడ్డు నడిపారు. కానీ మగవాళ్ల చేత చేయించుకోవడానికి సిగ్గుపడి ఆడవాళ్లు షెడ్డుకు రావడం మానేశారు. రోగం దాచుకుని ఇళ్లలోనే పోయారు.

కలరా తగ్గాక చర్చి పైవారు ఎవరూ మిగలని సిస్టర్ల సభను రద్దు చేసి, ఫాదర్‌ను దూరపు విచారణకు, అంటే మరో గుడి కిందికి వచ్చే ఊళ్లకు, మార్చారు. వెళ్లేముందు నా ఆఫీసుకు వచ్చారు. అక్కడ మళ్లీ సభ పెడతారా అని అడిగాను.

"ఇంకొకరి బిడ్డను అడిగేదానికి నాకు నోరు రాదప్పా," అన్నారు.

ఆ తర్వాత ఎక్కడ కలరా షెడ్డు వేయమని ఉత్తర్వు వచ్చినా, ఆడరోగులకు చేసే ఆడమనిషి ఎవరని ముందుగా అడిగేవాణ్ణి. ఆ మనిషి లేకపోతే షెడ్డు ఉన్నా సగం ఊరికి లేనట్టే. మా శిక్షణలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.