'తెల్వదు' అన్న స్కానర్

మా మేస్త్రి పోయాడు. శనివారం పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు. తెల్లారంగ పోయిండు" అంది. ఎత్తిన షట్టర్ని అట్లాగే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. పక్క టీ కొట్టు ఆమె వచ్చి, "ఇడిసిపెట్టు వదినె, చెయ్యి గుంజుతది" అని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. నోరు పెద్దదని జనగామ మెకానిక్కుల్లో నాకు పేరు. ఆ పూట మాత్రం ఆ నోట్లోంచి మాట రాలేదు.

ఆయన్ని ఎరగని వాళ్ళ కోసం చెప్తాను. హైదరాబాదు రోడ్డు మీద మాది బండ్ల ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఫ్యూజులు, రిలేలు, హారన్లు, ఈ మధ్య స్కానర్లు. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి కౌంటరు నాది. పక్కనే ఉన్న రేకుల షెడ్డు మేస్త్రిది. బండ్ల వైరింగ్ పని. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా ఆ షెడ్డులోనే చేశాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. మాతో తెలుగు, తండా వాళ్ళొస్తే వాళ్ళ భాష. బండి మొండికేస్తే దానితో కూడా తండా భాషే. "ఏందన్నా, బండికి తెలుగు రాదా?" అని ఆటపట్టిస్తే, "తిట్లు గా భాషలనే మంచిగొస్తయి చెల్లె" అనేవాడు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉండేది. చిన్న బల్బుకు రెండు వైర్లు, అంతే. ఏ వైరులోనైనా కరెంటు ఉందా లేదా అని చూసే ముందు, ఆ బల్బును నేరుగా బ్యాటరీకి పెట్టి వెలుగుతుందో లేదో చూసుకునేవాడు. పది నిమిషాల కిందట చూసినా సరే, మళ్ళీ చూసేవాడు. నాకు విసుగొచ్చి, "ఇప్పుడే గదన్నా వెలిగింది!" అంటే, "ముందుగాల దీన్ని అడగాలె చెల్లె. దీనికే పాణం లేకుంటె, వైరుకు పాణం లేదని చెప్తది. మనం నమ్ముతం" అనేవాడు. ఒక్కో మనిషికి ఒక్కో చాదస్తం, ఈయనకు ఇది అనుకుని ఊరుకునేదాన్ని.

ఆయన నోట ఎక్కువగా వినబడే మాట ఇంకొకటుంది. "తెల్వదు." బండి తెచ్చినవాడు ఏమైందని అడగ్గానే మిగతా మెకానిక్కులు ఏదో ఒకటి చెప్పేస్తారు. చెప్పకపోతే గిరాకీ పక్క షెడ్డుకు పోతాడని భయం. ఈయన మాత్రం, "తెల్వదు బిడ్డ. చూసినంక చెప్త" అనేవాడు. అట్లా చేజారిన గిరాకీ తక్కువేం కాదు. వాళ్ళలో చాలామంది రెండు షెడ్లు తిరిగి మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు, అది వేరే సంగతి.

ఇప్పుడొచ్చే బండ్లన్నిటి లోపలా చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయి. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది, దానికి స్కానర్ తగిలిస్తే ఎక్కడ తప్పుందో తెర మీద చూపిస్తుంది. మెకానిక్కులంతా స్కానర్లు కావాలని నా ప్రాణం తీస్తున్న రోజుల్లో ఒక ఏజెంటు దిగాడు. సముద్రం దిక్కు మనిషి, మాట తేనె. పేరున్న కంపెనీ డబ్బా, అదే రంగు, అదే స్టిక్కరు. "ఒరిజినలేనండి అక్కగారూ" అన్నాడు. అక్కగారు కరిగిపోయింది. మేస్త్రి అప్పుడు తండాలో ఇల్లు కట్టుకుంటూ షెడ్డుకు రావడం లేదు. ఆయన తిరిగొచ్చేలోపు రఘునాథపల్లికి ఒకటి, దేవరుప్పులకు ఒకటి, భూపాలపల్లికి ఒకటి అమ్మేశాను.

మేస్త్రి వచ్చిన రోజు ఏజెంటు కూడా కొత్త సరుకుతో షాపులోనే ఉన్నాడు. గొప్పగా చూపించుకుందామని ఒక స్కానర్ తీసుకుని, ఏజెంటును వెంటబెట్టుకుని షెడ్డుకు పోయాను. మేస్త్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఇంకో చేతిలో తన పాత స్కానర్ పెట్టుకుని రెండూ తూచినట్టు చూశాడు.  షెడ్డులో రిపేరు అయిపోయి, నిక్షేపంగా ఉన్న కారు ఒకటుంది. ఆయన దాని కిందికి దూరి ముందు చక్రం దగ్గర ఏబీఎస్ సెన్సర్ ప్లగ్గు పీకేశాడు. ఏబీఎస్ అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. మంచిగున్న బండికి కావాలని రోగం తెచ్చిపెట్టాడన్నమాట. తాళం తిప్పగానే ముందు డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు పసుపుపచ్చగా వెలిగింది. నేను తెచ్చిన స్కానర్ తగిలించాడు. గిర్రున ఏదో తిరిగినట్టు బొమ్మ వచ్చి, చివరికి 'నో ఫాల్ట్స్' అని చూపించింది.

మేస్త్రి తన పాత స్కానర్ తగిలించాడు. ఎడమ వైపు ముందు చక్రం సెన్సర్ అని అది టక్కున చెప్పింది.

ఏజెంటు తడబడలేదు. "ఆ కారు మోడల్ వేరండి, వేరే బండికి పెట్టండి" అన్నాడు. బయట కొత్త మోడల్ బండి ఒకటి ఉంటే దానికి కూడా ప్లగ్గు పీకి చూశారు. ఏజెంటు స్కానర్ మళ్ళీ 'నో ఫాల్ట్స్'. మేస్త్రి స్కానర్ మాత్రం కాసేపు ఆలోచించి, ఈ బండి బ్రేకు కంప్యూటర్‌తో మాట కలవడం లేదు అని రాసింది. ఏజెంటు పకపకా నవ్వాడు. "చూశారా, మీ మిషను కూడా మీలాగే తెల్వదూ... అంటోందండి!" అని, సినిమాల్లో మా మాటను సాగదీసినట్టే సాగదీశాడు. ఏజెంటును నొప్పించడం ఎందుకని నేను కూడా కొంచెం నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గు.

మేస్త్రికి కోపం రాలేదు. "అవునయ్యా. దీనికి తెల్వదు, తెల్వదన్నది. నీదానికి గూడ తెల్వదు, గని అంత మంచిగున్నదన్నది. రేపు నీ పిల్లల్ని బండ్లె ఎక్కించేటప్పుడు ఏ పెట్టె మాట ఇంటవు?" అని అడిగాడు. ఏజెంటు సరుకు సర్దుకోవడంలో పడ్డాడు.

తర్వాత స్క్రూలు విప్పి చూస్తే, పైన పటారం లోన లొటారం. అంత పెద్ద డబ్బాలో బొటనవేలంత బోర్డు, దాని మీద చీమిడి ముద్దల్లా సోల్డరింగ్. రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే రెండింటికీ ఒకటే సీరియల్ నంబరు. సీడీ కవరు మీద, ఇది ఎక్కించేటప్పుడు ఇంటర్నెట్ ఆపండి, ఎప్పుడూ అప్‌డేట్ చేయకండి అని ఉంది. మరి కంపెనీకి తెలిస్తే దొరికిపోతుంది కదా! స్టిక్కరు సంగతి కనిపెట్టింది కూడా మేస్త్రే. "నాకు ఇంగ్లీషు రాదు చెల్లె. గని గీ పేరుల ఒక అక్షరం తక్కువున్నది, లెక్కపెట్టుకో" అన్నాడు. డిగ్రీ చదివిన నేను నాలుగు నెలలు ఆ పేరు చూస్తూ అమ్మాను, నాకు కనబడలేదు.

ఆయన పొరపాటు పడలేదని కాదు. ఆ తర్వాత ఒకసారి రఘునాథపల్లిలోనే ఇంకో మెకానిక్ వేరే చోట కొని తెచ్చిన స్కానర్ని, స్టిక్కరు లేదని, నకిలీ అనేశాడు. రాత్రంతా మనసొప్పలేదట. పొద్దున్నే ఆటోలో అతని షెడ్డుకు పోయి, ప్లగ్గు పీకి పరీక్ష చేసి, అది అసలుదేనని తేల్చి, నలుగురి ముందు "నిన్న నేను అడగకుండ చెప్పిన. తప్పు నాది" అని వచ్చాడు. స్టిక్కరు చూసి ఏదీ తేల్చొద్దని ఆ తర్వాత నాకు పదిసార్లు చెప్పాడు.

అసలు కష్టం ఏజెంటు పోయాక మొదలైంది. నేను భూపాలపల్లికి అమ్మిన స్కానర్‌తో అక్కడి మెకానిక్ ఒక బడి వ్యాన్లన్నీ చూస్తున్నాడు. బడులు తెరవడానికి రెండు రోజులే ఉన్నాయి, వానలు కూడా పట్టాయి.  చెబితే షాపు పేరు మూడు జిల్లాల్లో పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, డబ్బా మీద ఉన్నది కంపెనీ పేరే కదా అని మనసు ఒకవైపు లాగింది. తేలు కుట్టిన దొంగలా కౌంటరు వెనక కూర్చున్నాను. సాయంత్రం మేస్త్రి వచ్చి, "భూపాలపల్లి తమ్మునికి చెప్పినవా?" అని అడిగాడు.

"చెప్త అన్నా. జర ఆలోచిస్తున్న" అన్నాను.

"గా పెట్టెకు తెల్వక చెప్పలె" అన్నాడు. "నీకు తెలిసి గూడ చెప్పవా చెల్లె?"

తిట్టినా బాగుండేది. నేను ఏడ్చాను. ఆయన టీ తెప్పించి, సాసర్లో పోసి నా ముందు పెట్టి, "పొద్దుగాల పోదాం. నేనొస్త" అన్నాడు.

ఫోన్ చేసి ఆ స్కానర్ వాడొద్దని మాత్రం అప్పుడే చెప్పాను. అతను నమ్మలేదు. "మంచిగనే పనిచేస్తున్నది గదక్కా, అన్ని వ్యాన్లు చూసిన, ఒక్క తప్పు లేదు" అన్నాడు. పొద్దున్నే హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరాం. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన అతని షెడ్డు. చిరుజల్లు పడుతోంది. మేస్త్రి ముందున్న వ్యాను ఎక్కి, తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి తడిమి, ఒక మూల అంటించి ఉన్న నల్ల టేపు పీకాడు. టేపు కింద ఏబీఎస్ లైటు వెలుగుతోంది.

"గిదేంది?" అన్నాడు.

డ్రైవరు మంచివాడే, పాపం. "మిషన్ల ఏం లేదని వచ్చింది గద సార్. లైటే పిచ్చిదనుకున్న. ఊకె కండ్లల్ల పడుతున్నదని అతికించిన" అన్నాడు.

మేస్త్రి తన స్కానర్ తగిలిస్తే అది వెంటనే చక్రం పేరు చెప్పింది. చూస్తే సెన్సర్ వైరు రాసుకుని రాసుకుని తెగి ఉంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే ఆ వ్యాను ఎటు జారేదో! భూపాలపల్లి తమ్ముడు నా దిక్కు ఒక చూపు చూశాడు.  వైరు అతుకు వేస్తూ, తల ఎత్తకుండా, "నువ్వు రాకుంటె నేను నమ్మకపోదునక్కా" అన్నాడు. మేస్త్రి తన స్కానర్ని అతని చేతిలో పెట్టి, "అన్ని వ్యాన్లు మళ్లొకసారి చూడు. అయినంక తెచ్చియ్యి" అని బస్సెక్కాడు. తిరుగు ప్రయాణంలో నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆయన పక్కన కూర్చుని నేను మనసులో ఎన్ని దండాలు పెట్టానో!

మిగతా ఇద్దరి దగ్గరా నకిలీలు వెనక్కి తీసుకున్నాను. షాపు పేరు కొన్నాళ్ళు మాట పడింది, తర్వాత నిలబడింది. ఇప్పుడు స్కానర్ కొనడానికి ఎవరు వచ్చినా బండి తెమ్మంటాను. వాళ్ళ ముందే ఒక ప్లగ్గు పీకి, స్కానర్ని అడిగి, అప్పుడు ఇస్తాను. మా దగ్గర అందరూ దాన్ని మేస్త్రి పరీక్ష అంటారు.

కళ్ళు మసకబారాక ఆయన షెడ్డు వదిలి తండాకు పోయాడు. గత కొన్ని వారాలుగా ఛాతీలో నొప్పి. దవాఖానలో ఒకరు ఏం కాదన్నారట, ఇంకొకరు అంతా బాగుందన్నారట. చివరికి చూసిన చిన్న వయసు డాక్టరమ్మ మాత్రం, "ఎందుకొస్తున్నదో నాకు తెల్వదు బాపు. పెద్ద దవాఖానకు రాసిస్త, పోవాలె" అందట. ఆ సంగతి చెబుతూ ఆయన బిడ్డ ఏడుస్తూనే నవ్వింది. "బయటికొచ్చినంక బాపు ఏమన్నడో ఎరుకేనా అక్కా? గీ పిల్ల అసలు డాక్టరు అన్నడు." పెద్ద దవాఖానకు పోయే రోజు రాకుండానే పోయాడు.

ఆదివారం నేను మానుకోటలో రైలు దిగి, ఆటోలో తండా చేరేసరికి వాన. జనగామ నుంచి, గూడూరు నుంచి మెకానిక్కులు గొడుగులు లేకుండానే నిలబడి ఉన్నారు. భూపాలపల్లి తమ్ముడు బడి వాళ్ళను బతిమాలి, ఆ రోజు వైరు అతుకు వేసిన వ్యానునే తెచ్చాడు. అందులో అతని పెళ్ళాం, పక్క షెడ్ల వాళ్ళు, డ్రైవరు, డ్రైవరు పిల్లలిద్దరూ వచ్చారు. మట్టి వేసేటప్పుడు ఆ డ్రైవరు అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. మాకు ఆయన ఏమిచ్చాడో చెప్పమంటే నాకు మాటలు చాలవు. తెలియని దాన్ని తెలియదనడానికి, తెలిసిన దాన్ని దాచకుండా ఉండడానికి ధైర్యం ఇచ్చాడు. అన్నా, నీకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

పొద్దు వాలుతుండగా వ్యాను బయల్దేరింది. తండా దారి వాగు వైపు బాగా దిగుడు, ఎర్రమట్టి నాని జారుడుబండలా ఉంది. వ్యాను సగం దిగిందో లేదో, తుప్పల్లోంచి బర్రెల మంద ఒక్కసారిగా అడ్డం వచ్చింది.  వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. వ్యాను అటూ ఇటూ జరగకుండా, ఉన్నచోటే నిలబడింది. వాన పడుతూనే ఉంది. వెనక అద్దంలోంచి డ్రైవరు పిల్లలిద్దరూ బర్రెలను వేలు పెట్టి లెక్కపెడుతున్నారు.