మంచం బుడిపె కాదు

ఆల్టన్ పింకమ్ తాతకి డెబ్భై ఎనిమిదేళ్లు. అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ కొండల్లోని ఒక చిన్న ఊళ్లో ముప్ఫై ఒక్క శీతాకాలాలు రోడ్ల మీద మంచు తోశాడు. ఆ ఉద్యోగంలోంచి దిగాడు గానీ, ఊళ్లో ఎవరు ఏ తుప్పు ముక్క తవ్వి తెచ్చినా దాని పేరు చెప్పే ఉద్యోగంలోంచి మాత్రం దిగలేదు. జీతం లేదు, సెలవుల్లేవు. “తెలియదు” అనే మాట ఆయన నోట వినాలని భార్య ఎంతో ఆశపడింది, ఆ ఆశ తీరకుండానే పోయింది.

నెలకోసారి, మూడో శనివారం సాయంత్రం నాలుగింటికి, మెటల్ డిటెక్టర్లు పట్టుకుని నేలలో పాత వస్తువులు వెతుకుతూ తిరిగేవాళ్లంతా రైతు సంఘం హాల్లో చేరతారు. ఒక మూల బెల్లంపాకంలో ఉడికిన చిక్కుడు గింజల కుండ, నల్ల రొట్టె. మరో మూల పొడవాటి బల్ల, దాని మీద దొరికిన వస్తువులు. ఆల్టన్ తాత తన భూతద్దం, పళ్లు తోముకునే పాత బ్రష్షు, సాసరులో నీళ్లు పెట్టుకుని పెళ్లికొడుకులా కూర్చుంటాడు. వంకర ఇనుప చుట్ట తెస్తే, పందిముక్కుకి వేసే రింగు అంటాడు. ముళ్ల పట్టీ అయితే, మంచు మీద జారకుండా బూటు కింద కట్టుకునేది. సీసం బిళ్ల అయితే, ఉన్ని మూటల మీద వేసే ముద్ర. పేరు చెప్పి, చీటీ మీద పెన్సిలుతో రాసి, కింద సంతకం పెడతాడు. చీటీ వస్తువుతో పాటే ఇంటికి వెళ్తుంది.

తప్పు చెప్పినవాడు ఆ పూట భోజనం అయ్యేదాకా మెళ్లో పశువుల గంట కట్టుకోవాలి. ఈ నియమం పెట్టినదీ ఆయనే, ఆ గంట తవ్వి తీసినదీ ఆయనే. ఆ గంట చాలామంది మెడలు చూసింది, ఆయన మెడ తప్ప.

ఆ మే నెల శనివారం బడి బస్సు నడిపే జోయెల్ ఒక ఇత్తడి బుడిపె తెచ్చింది. నిమ్మకాయ సైజు, అడుగున బోలు, బోలు నిండా మట్టి. ఆల్టన్ తాత దాన్ని నీళ్లలో వేసి, కథలు చెబుతూ అరగంట నాననిచ్చాడు. పుల్లతో మట్టి తీశాడు. లోపల బోలు పైకి పోనుపోను సన్నబడింది. పక్కన చిన్న మేకు కన్నం. గోడకి గోరు పొరలాంటి గోధుమరంగు ముక్క అంటుకుని ఉంది. దాన్ని చూడగానే ఆయన ముఖం వెలిగింది.

“కొమ్ముకుప్పె,” అన్నాడు. “ఎద్దు కొమ్ము చివర తొడిగేది. అదుగో, లోపల కొమ్ము ముక్క ఇంకా ఉంది. ఎక్కడ దొరికిందే?”

“వెర్నా గారి ఎగువ చేలో పెద్దాయనా, రాతిగోడ పక్కన. అడిగే తవ్వాన్లెండి, అలా చూడకండి.”

పెన్సిలు చీటీ మీదే ఆగిపోయింది.

వెర్నా విచర్ అప్పుడు చిక్కుళ్ల కుండ దగ్గర గరిటె పట్టుకుని ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట ఆమె భర్త హార్లన్ ఇదే బల్ల మీద, అదే చేలో దొరికిన, ఇదే సైజు బుడిపె పెట్టాడు. దాని నిండా కూడా మట్టే. హార్లన్ టోపీ చేతిలో తిప్పుకుంటూ, ఇది ఎద్దు కొమ్ముదేమో అని మెల్లగా అడిగాడు. తన ముత్తాత ఆ చేను ఎద్దులతో బాగు చేశాడని ఇంట్లో చెప్పుకుంటారన్నాడు. ఆ రోజు క్యూలో పదిమంది ఉన్నారు. ఆల్టన్ తాత నానబెట్టలేదు, మట్టి తియ్యలేదు. నవ్వి, మీవాళ్లు గుర్రాలతో సేద్యం చేసినవాళ్లు హార్లన్, ఇది మంచం కోడు మీది బుడిపె, అన్నాడు. చీటీ రాసి సంతకం పెట్టాడు. నానబెట్టకుండా పేరు చెప్పకూడదని ఊరంతటికీ నేర్పింది తనే.

హార్లన్ పోయి నాలుగేళ్లు.

ఇప్పుడు జోయెల్‌కిచ్చే చీటీ మీద కొమ్ముకుప్పె అని రాసి ఊరుకోవచ్చు. పాత బుడిపె ఎవరికి గుర్తుంటుంది? ఆల్టన్ తాత ఆ మాట మూడుసార్లు అనుకున్నాడు. మూడోసారికి తనకే రుచించలేదు. కుప్పెని గుప్పిట్లో పట్టుకుని, చిక్కుళ్లు కావాలన్నట్టు కుండ దగ్గరికి నడిచాడు. ప్లేటు మాత్రం తీసుకోలేదు.

“వెర్నా, హార్లన్ బుడిపె ఉందా?”

“నేలమాళిగ మెట్ల దగ్గర గుంజకి ఉంది. గుడ్డ చుట్టి దిగ్గొట్టాడు.” వెర్నా నవ్వింది. “ఆల్టన్, ఇంట్లో ప్రతి మంచానికీ పెట్టి చూశాడు. మా అమ్మ మంచం అటక మీదుంటే అక్కడికీ ఎక్కాడు. దేనికీ పట్టలేదు. ఆల్టన్ చెప్పాడు కాబట్టి మంచం బుడిపే, మంచమే ఎక్కడో పోయుంటుంది అన్నాడు.”

ఆల్టన్ తాత గుప్పిట విప్పి చూపించాడు. మేకు కన్నం చూపించాడు, లోపలి కొమ్ము ముక్క చూపించాడు. “వాడిది కూడా ఇదే. జత. నేను చూడకుండా చెప్పాను.”

వెర్నా గరిటె కుండలో వదిలేసింది. కుప్పె అందుకుని బోలులో చిటికెనవేలు పెట్టి చూసింది. వెనక క్యూలో ఉన్నవాళ్లు ప్లేట్లు కిందికి దించారు.

“ఆ రోజు నుంచి ఆ ఎద్దుల కథ చెప్పడం మానేశాడు,” అంది. “మనవలు అడిగినా చెప్పేవాడు కాదు. ముసలాళ్ల కోతలు, అనేవాడు. నీ చీటీ ఇంకా నా బైబిల్లో ఉంది.”

ఆల్టన్ తాత బల్ల దగ్గరికి వెళ్లి చీటీ మీద కొమ్ముకుప్పె అని రాశాడు. కింద ‘దీని జత పంతొమ్మిదేళ్ల కిందటే హార్లన్ విచర్‌కి దొరికింది, అప్పుడు నేను తప్పు చెప్పాను’ అని రాసి సంతకం పెట్టాడు. మేకుకి వేలాడుతున్న గంట తీసి మెళ్లో కట్టుకున్నాడు. ముడి సరిగ్గా పడకపోతే జోయెల్ బిగించింది.

“బాగా నప్పింది పెద్దాయనా. పాలు కూడా ఇస్తారా?”

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వబోయాడు గానీ గంట మోగడంతో ఆగిపోయాడు. ఎవరో చిక్కుళ్ల ప్లేటు తెచ్చి ముందు పెట్టారు. చెంచా ఎత్తితే గంట, రొట్టె కొరికితే గంట.

నవ్వులు సద్దుమణిగేసరికి వెర్నా కుండ దగ్గర నిలబడే ఉంది, కుప్పె ఇంకా చేతిలోనే. జోయెల్ ఆమెని, ఆ ఎద్దులకి పేర్లుండేవా అని అడిగింది.

“డ్యూక్, డైమండ్,” అంది వెర్నా. “డ్యూక్‌కి ఎడమ కంటి చూపు లేదు. అందుకని ఎప్పుడూ వాణ్ణి…”

అలా మొదలైంది. రాళ్లు లాగిన సంగతి, మంచులో డైమండ్ కూలబడితే ముత్తాత తన కోటు కప్పిన సంగతి, హార్లన్ చెప్పే వరసలోనే, అతను ఆగేచోట ఆగుతూ చెప్పింది. ఆల్టన్ తాత చెంచా ప్లేటు పక్కన పెట్టేశాడు. మెడ కదపకుండా, గంట నాలికని రెండు వేళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. కథ అయ్యేసరికి చిక్కుళ్లు చల్లారి గడ్డకట్టాయి.