నాంచారయ్య గారి ఇరవై రెండు నిమిషాలు

కరోనాకి రెండేళ్ల ముందు, జూన్ మొదటి సోమవారం నాడు, దివిసీమలో ఒక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఎదురుగా ఉన్న గదిలో, దస్తావేజుల రైటరు నాంచారయ్య గారి దగ్గర సహాయకుడిగా చేరాను. అంతకుముందు బందరులో టైపు చేసుకుంటూ సెంట్లు, గజాల లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. దస్తావేజు చివర ఆస్తి వివరాలు రాసే భాగాన్ని షెడ్యూలు అంటారు. అందులో విస్తీర్ణమూ, నాలుగు వైపులా ఏముందో చెప్పే చెక్కుబందీ ఉంటాయి. షెడ్యూలు తయారుచెయ్యడం నా పని. మిగతా రాతంతా ఆయనది.

రాత మొదలుపెట్టే ముందు ఆయనకొక తంతు ఉండేది. వాచీ పెట్టి చూశాను. కాళ్లు కడుక్కోవడానికి మూడు నిమిషాలు. పాత క్యాలెండరులోంచి ఒక కాగితం చింపి, మడిచి, జేబులో పెట్టుకోవడానికి రెండు. ఫ్యాను ఆపించి సగం గ్లాసు టీ తాగడానికి పదమూడు. మిగతా సగం దస్తావేజు పూర్తయ్యాకే తాగేవారు, చల్లారినా సరే. ఆ తరవాత గది మధ్యలో తూర్పుముఖంగా నిలబడి, చెక్కుబందీ పైకి చదువుతూ ఒక్కొక్క దిక్కుకీ తిరగడానికి నాలుగు. మొత్తం ఇరవై రెండు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే మళ్లీ కాళ్లు కడుక్కోవడం నుంచీ మొదలు. రోజుకి మూడు దస్తావేజులంటే గంటా ఆరు నిమిషాలు నీళ్లపాలు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, దాన్ని కూడా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజునుంచీ నన్ను "లెక్కలూ" అని పిలిచేవారు.

ఆ ఆగస్టులో సువార్తమ్మ గారు వచ్చారు. నాలుగున్నర సెంట్లలో ఇల్లు. కొడుకు గుడివాడలో ఉంటాడు. తల్లి గుమ్మం తొక్కి తొమ్మిదేళ్లయింది. ఆవిణ్ణి చూసుకుంటున్నది, వెంట వచ్చిన చెల్లెలి కూతురు కరుణ. మర్నాడు పొద్దున బెజవాడలో ఆవిడకి గుండె ఆపరేషను. ఈలోగా ఇల్లు కరుణ పేర దాన దస్తావేజు రాయాలి. ఆపరేషనులో ఏదైనా జరిగితే ఇల్లు కొడుక్కి వెళ్తుంది, కరుణ రోడ్డున పడుతుంది. ఒంటిగంట లోపు కాగితాలు లోపలికి వెళ్లకపోతే ఆ రోజు రిజిస్ట్రేషను లేనట్టే.

పదకొండు యాభై రెండుకి నాంచారయ్య గారు చెంబు తీసుకున్నారు.

"ఇదేం రైటరండీ, పెళ్లికొడుకులాగ కాళ్లు కడుక్కుంటన్నాడు!" అని ఆయనకి వినపడకుండా నా చెవిలో గొణిగారు సువార్తమ్మ గారు.

పన్నెండూ పదికి ఆయన నిలబడి చదివారు: "తూర్పు, మొదటి భాగంలోని ఇల్లు..."

"అటేపు ఇల్లెక్కడిదండీ? తూర్పున పొలాలకి నీళ్లెళ్లే పంటబోదె. ఆళ్ల ఇల్లు మీ ఈపెనకాల కదా!"

తప్పు నాది. తొమ్మిది సెంట్ల స్థలాన్ని పూర్వం రెండు భాగాలు చేశారు. ఆవిడది రెండోది. దస్తావేజుల్లో దిక్కులు తూర్పుతోనే మొదలవుతాయి గనక, మొదటి భాగం తూర్పుదే అనుకున్నాను. కొలిచినవాడు పడమటి రోడ్డు వైపునుంచి అంకెలు వేశాడు. రెండు భాగాలూ నాలుగున్నర సెంట్లే కావడంతో విస్తీర్ణం రెండుసార్లు సరిచూసినా తేడా రాలేదు. అలాగే రిజిస్టరైతే దానమిచ్చింది పక్కవాళ్ల స్థలమయ్యేది. దిద్దాలంటే సవరణ దస్తావేజు రాయాలి. దాని మీదా ఆవిడే సంతకం చెయ్యాలి.

గబగబా దిద్దుతున్నాను. నాంచారయ్య గారు మళ్లీ చెంబు అందుకున్నారు.

"ఏవండీ, నలభై ఎనిమిది నిమిషాలే ఉంది!" అని అరిచాను.

"మధ్యలో తెగింది కదయ్యా."

"ఇంకాసేపైతే నా ఓపిక తెగుతుందండీ!"

"ఇంతకీ తప్పెవరిదయ్యా, లెక్కలూ?"

షెడ్యూలు దిద్దడం పూర్తిచేశాను. కరుణ పరుగెత్తి చెంబు నింపుకొచ్చింది. పాత క్యాలెండరులోంచి ఇంకో కాగితం కూడా చింపేశారాయన. పన్నెండు ముప్ఫై నాలుగుకి నాలుగు దిక్కులూ తిరగడం అయింది. ఈసారి ఒక్కొక్క దిక్కుకీ సువార్తమ్మ గారు మాట పైకి రానివ్వకుండా "ఆఁ, అంతే" అన్నట్టు తలూపారు. ఆయన చెబుతుంటే పదిహేను నిమిషాల్లో టైపు చేశాను. సంతకాలయ్యి, ఒంటిగంటకి రెండు నిమిషాలుందనగా కాగితాలు లోపలికి వెళ్లాయి. చల్లారిన టీ ఆయన అప్పుడు తాగారు, తీరిగ్గా.

ఆపరేషను తరవాత సువార్తమ్మ గారు పద్నాలుగు నెలలు బతికారు. ఆవిడ పోయాక కొడుకు వచ్చి దస్తావేజు నకలు తీసుకున్నాడు. ప్రైవేటు సర్వేయరుతో స్థలం కొలిపించాడు. నాలుగు హద్దులూ కుదిరాయి. తిరిగి గుడివాడ వెళ్లిపోయాడు. కరుణ ఆ ఇంట్లోనే ఉంది.

యాభై నాలుగేళ్లకే కళ్లు మొరాయించి నేను ఆ పని మానేశాను. ఇప్పుడు చేసేవాళ్లకి చెప్పేది ఇంతే. చెక్కుబందీ నిలబడి, పైకి, దిక్కుకి తిరిగి చదవాలి. అక్కడ కాపురమున్న మనిషి వినాలి. దానికి నాలుగు నిమిషాలు చాలు. మిగతా పద్దెనిమిదీ దేనికో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు. ఆగస్టు నెలలో ఫ్యాను ఆపడం మాత్రం అన్యాయం.