గొంగడి చాటున ఇంటర్నెట్

తెలంగాణ వచ్చిన కొత్తలో నా ఉద్యోగమూ కొత్తే. కొత్త వైద్యుడికి ప్రతి దగ్గూ పెద్ద రోగంలాగే కనిపిస్తుంది కదా, నాదీ అదే తీరు. నల్గొండలో నెట్‌వర్క్ ఇంజనీరునన్న గర్వంతో సెలవుకు రామన్నపేట దగ్గరి మా ఊరికి వెళ్లాను. ఆ సాయంత్రంలోపు మా చెల్లెలు ఇంజనీరింగ్ సీటు కోసం కాలేజీల పేర్లు ఆన్‌లైన్‌లో ఎంచి పంపాలి. "నేనుండంగ నీకేం ఫికర్?" అన్నాను. మా అమ్మను అవ్వ అంటాం; ఆమె మాట కాదనలేక బాపు గొంగడి ఉతికి డాబా మీద ఆరేసి (గొర్లు కాసే ఇంట్లో ఎంత చదివినా ఈ పని తప్పదు), దర్జాగా వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

పేజీ తిరుగుతూనే ఉంది. "అన్నా, జర సూడు, టైం అయిపోతాంది!" అంది చెల్లెలు ఏడుపు గొంతుతో. నేను ఉపన్యాసం అందుకున్నాను. "మనం పంపేది ముక్కలు ముక్కలుగ పోతది. దారిల ఒక ముక్క తప్పిపోతే మళ్ల పంపాలె. పంపేముందు మిషన్ జరసేపు ఆగుతది. మళ్ల పోతే రెట్టింపు సేపు ఆగుతది. రోగం గాడ్నే ఉన్నది!" అంతవరకు నిజమే. అసలు ముక్కలు ఎందుకు పోతున్నాయో మాత్రం నాకు తెలియదు. నెట్ కంపెనీకి ఫోన్ చేసి అరిచాను, చేతికందిన సెట్టింగునల్లా మార్చాను.

ఉన్నట్టుండి పేజీ తెరుచుకుంది. "సూసినవా నా దెబ్బ!" అంటూ చెల్లెలి చేతిలోంచి మౌస్ లాక్కుని, బాపును పిలిచి మరీ నా ప్రతాపం చెప్పుకున్నాను. "ముందుగాల పంపనియ్ అన్నా!" అని పాపం మొత్తుకుంటూనే ఉంది. పేజీ మళ్లీ ఆగిపోయింది. అప్పుడే అవ్వ మెట్లు దిగొచ్చి, "గొంగడి ఇంక ఆరలే బిడ్డా, తీసి తిర్లేసి మళ్ల ఆరేసిన" అంది.

చెల్లెలు నా మొహం చూసి ఒక్క ఉరుకున డాబా ఎక్కింది. ఊరవతలి టవర్ నుంచి మాకు నెట్ అందుకునే చిన్న డిష్ అక్కడే ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా, నేను ఆరేసిన తడి గొంగడి! గాలికి అది లేచినప్పుడు నాలుగు ముక్కలు దాటేవి, మిషన్ ఆగి ఆగి మళ్లీ పంపేసరికి అది మళ్లీ అడ్డం పడేది. అవ్వ దాన్ని తీసిన కాసేపే పేజీ తెరుచుకుంది. చెల్లెలు దాన్ని భుజానేసుకుని దిగింది. "నీ పోయిన ముక్కలన్ని గీ గొంగట్లనే ఉన్నయ్ సూడే అన్నా!" గడువుకు కాస్త ముందు పేర్లు పంపగలిగింది. అవ్వ పకపకా నవ్వింది. బాపు ఆ తడి గొంగడి తీసి నా భుజాన వేశాడు, తిట్టినా బాగుండేది.

గొంగడికి కాదు నా సిగ్గు. పేజీ తెరుచుకున్న ఆ కాసేపూ పిల్ల సీటును గాలికొదిలి గొప్పలు చెప్పుకున్నానే, అందుకు. ఇప్పుడు తనూ ఇంజనీరే. ఫోన్లో నేను ఏదైనా విడమర్చి చెప్పబోతే చాలు, "ముందు డాబా మీద సూసినవా అన్నా?" అని నవ్వుతుంది. నేనూ నవ్వేసి ఫోన్ పెట్టేస్తాను. తర్వాత ఎవరూ చూడకుండా ఒకసారి డాబా ఎక్కి చూసొస్తాను.